డ్రోనుకు కూలింగ్ అద్దాలు

సోహార్‌ల పొద్దుగాల ఆరు గొట్టకముందే
ఎండ మీద చెయ్యేస్తది.
ట్యాంకులకు తెల్లరంగు,
లోపలి నూనె సల్లగుండాలెనని.
మాకు నీలం కవరాల్స్.

ఆరేండ్లు ఈడ వెల్డింగ్ జేసిన.
రాత్రిళ్ళు కండ్లల్ల ఇసుక బోసినట్టుంటే
డాక్టరు ఇగ వద్దని రాసిండు.
పర్మిటు కాయితం మీద నా పేరెక్కింది.
ఇనుము అతికిన చేతులల్ల
అరకిలో పిట్టను వెట్టిండ్రు.

మొదటి వారం అన్నీ ఆటోల వెట్టి ఎగరేసిన.
తెలుపు కాలిపోయింది.
ట్యాంకు ఎక్కడ ఆగిందో
ఆకాశం ఎక్కడ షురువైందో తెల్వలే.
సజీవన్ సారు బొమ్మ జూసి అన్నడు:
"తుప్పంతా పోయింది గదా,
కంపెనీకి పెయింటు ఖర్సు మిగిలింది."

ఆ రాత్రి పై మంచం మీద పండి
ఒక్కొక్కటి నేర్సుకున్న.
ఐఎస్ఓ వంద, అంతకు మించి ఆశ వెట్టొద్దు,
పెంచినకొద్ది నీడ గూడ గరుకైతది.
సెకండుకు ఇరువై అయిదు బొమ్మలైతే
షటరు యాభయ్యో వంతు,
అట్లయితేనే కదలిక మెత్తగ సాగుతది.
లెక్క మంచిదే.
ఈడి సూర్యుడు ఆ లెక్క సదువుకోలే.

అందుకే గోరంత నల్లద్దం,
నాలుగు రియాళ్ళు.
లెన్సుకు తొడుగుతుంటే
చెయ్యి దానంతటదే తలమీదికి వోయింది
లేని హెల్మెటు కిందికి దించుకోను.
నిప్పును జూడాలంటే
ముందుగాల చీకటి కొనుక్కోవాలె.
గీ ఒక్కటీ నాకు
ఎవ్వరూ జెప్పనక్కర లేకుండె.

తెలుపును ఆటోకు ఇడిసిపెడితే
దుమ్ము లేసిననాడు అది దొంగసాటుగ
పసుపునంతా కడిగేస్తది.
యాభై ఆరు వందల మీద కట్టేసిన.
దుమ్ము దుమ్ములెక్కనే కానరావాలె,
మేము పీల్సింది అదే గద.

ఇగ కత్తిరించుడు.
అందరు మెచ్చే సాఫ్ట్‌వేరు నెలకు తొమ్మిది రియాళ్ళంట.
తొమ్మిదంటే మా సుగుణ చీటీ.
చీటీ ఆపి చిత్రం కోసుకుంటనా?
ఇంకోటి పైసలడగదు గని
ట్యాంకు నడుమ తన పేరు
పచ్చబొట్టు లెక్క పొడుస్తది.
తుఫైల్ పెన్‌డ్రైవ్‌ల తాళం పగిలింది తెచ్చిండు,
ఊకెనే.
ల్యాప్‌టాపు మూడు రోజులు జరంతోని పండింది.

ఆఖరుకు దొరికింది ఒకటి,
పైస లేదు, పచ్చబొట్టు లేదు,
కొన్ని కిటికీలు మాత్రం మూసి వెట్టిండ్రు.
నా పాత మిషను దాన్ని మొయ్యలేక
ఫ్యాను గొంతుతోని మూలిగేది.
పెద్ద బొమ్మకు చిన్న నకలు తీసిన,
నకలు మీద కోస్తే
అసలుకు తెగుతది.
సుట్టూ అందరు గురక వెడుతుంటే
నేను తెల్లారేదాక కోసిన.

తుప్పు కోసం తీసినప్పుడు అద్దం ఇప్పేస్త,
షటరు వెయ్యో వంతు.
పగులు పగులులెక్క, బోల్టు బోల్టులెక్క.
ఆఫీసు సినిమాకు మాత్రం అద్దం తొడుగుత.

పద్నాలుగో నంబరు ట్యాంకు సుట్టూ
మెల్లగ తిప్పుతున్ననాడు
పైన రంగేస్తున్న లింబాద్రి
రోలరు కింద వెట్టి
పిట్టకు చెయ్యి ఊపిండు.

సజీవన్ సారు: "అది తీసెయ్.
హార్నెస్ మంచిగనే ఉంది గని,
చెయ్యి మసక వడ్డది."
తీసేసిన. రెండు సెకండ్లే.
కోసిన ముక్కను పారెయ్యలే,
వేరే ఫోల్డరుల దాసిన,
పేరు పెట్టను ఏం తోచక
పద్నాలుగు అని రాసిన.

రాత్రి మెస్సుల పప్పు వడ్డించుకుంట
లింబాద్రి అడిగిండు:
"నేను వడ్డనానే అండ్ల?"
ఫోను తీసి సూపిచ్చిన.
మొకం సాఫుగుంది, టోపీ మీది నంబరు గూడ.
"చెయ్యే జర అలుక్కపోయింది" అన్న.

మల్లొక్కసారి జూసిండు.
ముద్ద నోట్లె వెట్టుకొని
"కదిపిన గద" అన్నడు.